ఒక్క దరువు ఆలస్యం

ఫ్యాను ఆగుతోంది.

ఇంతసేపూ ఒకే వలయంగా ఉన్న రెక్కలు ఇప్పుడు విడివిడిగా కనబడుతున్నాయి. ఒకటి. ఇంకొకటి. మరొకటి. చివరి చుట్టు ఎప్పుడూ బద్ధకంగానే ఉంటుంది — వెళ్ళొస్తానని చెప్పి గుమ్మంలో నిలబడిపోయిన చుట్టంలా.

ఆ రేడియో గదిలో మాట్లాడాలంటే గాలి ఆపాలి.

పాత ఫ్యాను. తిరిగినంతసేపూ కిర్రుమంటుంది. మైకు ఆ కిర్రును కూడా వింటుంది. మైకుకు మొహమాటం లేదు. అందుకని ఆమె మాట్లాడే ముందు గోడ మీది స్విచ్చి నొక్కుతుంది. రెక్కలు నిలిచేదాకా ఆగాలి.

ఆమె ఆగదు.

నాలుగు మాటలు చెప్పేసి మళ్ళీ స్విచ్చి, మళ్ళీ గాలి, మళ్ళీ పాట.

ఆదివారం మధ్యాహ్నం. నాలుగు గంటల పాటు సాగే కార్యక్రమం. డిస్కో, దాని తర్వాత పుట్టిన నెమ్మది నాట్యసంగీతం డీప్ హౌస్. పాటకూ పాటకూ మధ్య అతుకు కనబడకూడదు — అదే ఆమె పని. ఒక పాట చివరి అంచు మీద మరో పాట మొదటి అంచు పరచడం. రెండింటి దరువూ ఒకటయ్యేదాకా వేలితో సర్దడం. వినేవాడికి తెలియకుండా నది మార్చడం.

డిస్కో చెమట. డీప్ హౌస్ ఆ చెమట మీద వీచే గాలి.

ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే ఇంతకంటే వివరంగా ఆమె ఎప్పుడూ చెప్పలేకపోయింది.

ఒక చెవికి హెడ్‌ఫోను. ఒక చెవి ఖాళీ. ఖాళీ చెవిలో ఇప్పుడు మోగుతున్న పాట. హెడ్‌ఫోనులో రాబోయే పాట. ఏళ్ళ తరబడి ఇలాగే. ఒక చెవి వర్తమానంలో, ఒక చెవి భవిష్యత్తులో… రెండు చెవులూ ఒకే క్షణంలో కాపురమున్న రోజు ఆమెకు గుర్తు లేదు. ఏ పాటనూ చివరిదాకా వినలేదు. చివర వచ్చేసరికి ఆమె అక్కడ ఉండదు.

ఇంట్లో కూడా అంతే. అన్నం తింటూ గిన్నెల గురించి ఆలోచిస్తుంది. గిన్నెలు తోముతూ వీధి గురించి. వీధిలోకి వచ్చాక — తలుపు వేశానా?

ఈ వారమంతా ఆకాశం నిండా మబ్బు. కురవదు. కదలదు. ఆకు ఊగదు.

ఉక్క.

*

ఆ రికార్డు ఆమెకు పాత సామాన్ల కొట్టులో, పగిలిన మిక్సీ జార్ల కింద దొరికింది. అట్ట మీద అయిదుగురు కుర్రాళ్ళు. వెడల్పాటి కాలర్లు, నడుము నుంచి నేలదాకా విచ్చుకున్న ప్యాంట్లు. చివర నిలబడ్డవాడు బేస్ గిటారును నిద్రపోయిన పసిబిడ్డలా ఎత్తుకుని ఉన్నాడు.

అన్నయ్య.

అప్పుడు ఆమె గౌన్లు వేసుకునే పిల్ల. వాళ్ళు సాధన చేసే మేడగది కింద మెట్ల మీద కూర్చుని వినేది. వినడం కాదు — పాట మెట్లలోంచి, సిమెంటులోంచి, ఆమె వెన్నులోకి ఎక్కేది. ఆ ఎక్కేదాన్నే బేస్ అంటారని చాలా ఏళ్ళకు తెలిసింది. బృందంలో అన్నయ్యను అందరూ 'గడియారం' అనేవారు. డ్రమ్ము తడబడొచ్చు, పాడేవాడు దారి తప్పొచ్చు — గడియారం తప్పదు.

వాళ్ళు చేసిన రికార్డు ఇదొక్కటే.

పాట నడుమ ఒక చోట వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగాలి. ఆ వెంటనే బేస్ ఒంటరిగా రావాలి. ఆగాయి.

గడియారం కూడా ఆగింది.

ఒక్క దరువు. కన్ను మూసి తెరిచేంత. తర్వాత బేస్ వచ్చింది, దాని వెనక తక్కినవన్నీ వచ్చాయి. మళ్ళీ వాయించడానికి వ్యవధి లేదు. రికార్డింగు గది తలుపు అవతల మరో బృందం నిలబడి ఉంది. పాడేవాడు పగలబడి నవ్వాడట — "ఆలస్యం అమృతం విషం రా, గడియారం!" అందరూ నవ్వారు. అన్నయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇంటికొచ్చి గిటారును అటక ఎక్కించాడు.

మళ్ళీ దించలేదు.

తర్వాత మోటార్ల వైండింగు నేర్చుకున్నాడు. కాలిపోయిన ఫ్యాన్లకు కొత్త రాగి చుట్టి, తిప్పి, పంపిస్తాడు. గాలికి దుకాణం పెట్టుకున్నాడు.

*

రికార్డు దొరికిన రోజు నుంచి ఆమె మరో పని చేయలేదు. రాబోయే ఆదివారం పాటలన్నీ ఆ ఒక్క పాటకు మెట్లుగా పేర్చుకుంటూ పోయింది. ఇది మరీ వెలుతురు. ఇది మరీ తడి. దీని తర్వాత అది వస్తే తలుపు వేసినట్టు ఉంటుంది. దాని తర్వాత ఇది వస్తే కిటికీ తీసినట్టు… పేర్చింది, కూల్చింది, మళ్ళీ పేర్చింది. ఏ దారిన వెళ్ళినా ఆ ఖాళీ దగ్గరే ఆమె కాలు తడబడింది.

అప్పుడు దాన్ని సరిచేసింది.

కంప్యూటరులో ఖాళీని కత్తిరించి, బేసును దరువు మీదికి జరిపింది. ఒక్క క్లిక్కు. మనిషి జీవితంలో జరగని సవరణ, తెర మీద శబ్దాన్ని చూపే గీతల బొమ్మలో జరిగిపోయింది. అతుకు కనబడలేదు.

స్టేషను మేనేజరు రెండూ విన్నాడు. "సరిచేసిందే వెయ్యమ్మా," అన్నాడు. "నిశ్శబ్దం కావాలంటే జనం రేడియో ఆపేసుకుంటారు. దానికి మనమెందుకు?"

ఆమె సరిచేసిన పాటను ఫోనులో పెట్టుకుని అన్నయ్య దుకాణానికి వెళ్ళింది.

కప్పు కింది ఇనుప గొట్టానికి వేలాడే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. నిలకడ పరీక్ష. ఊరంతా ఉక్కలో ఉడుకుతుంటే అక్కడొక్కచోట గాలివాన. అన్నయ్య చొక్కా రెపరెపలాడుతోంది. వదిన నేల మీద కూర్చుని రాగి తీగ చుడుతోంది.

"కాలు కాలిన పిల్లిలా ఏంటమ్మా ఆ తిరుగుడు? కూర్చో. కూర్చుంటే నేలలోకి వేళ్ళేం దిగిపోవులే," అంది వదిన.

కూర్చుంది. మళ్ళీ లేచింది.

"అన్నయ్యా, ఒకటి వినిపిస్తాను."

"పాటలా? నాకెందుకే. ముందు ఆ మీ స్టేషను ఫ్యాను పట్రా, బేరింగు మార్చి ఇస్తాను."

"అది పాడైందని నీకెలా తెలుసు?"

"ప్రతి ఆదివారం వింటున్నాగా. రెక్కలు ఆగకుండానే మాట్లాడేస్తావ్. నీ గొంతు వెనకాల చివరి చుట్టు కిర్రుమంటూనే ఉంటుంది. ఏం తొందరే నీకు?"

అన్నయ్య రేడియో వింటాడని ఆమెకు తెలియదు. ఇయర్‌ఫోన్లు అతని చెవుల్లో తనే పెట్టింది.

అతను విన్నాడు. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. పాట నడుమకు వచ్చింది… దాటింది. ముఖంలో ఏమీ కదల్లేదు.

"బాగుంది," అన్నాడు. "ఎవరు వాయించింది?"

"మీరేగా!" అంది వదిన నవ్వుతూ.

"నేను కాదు."

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇంతకాలం ఇంట్లో ఎవరూ అడగని మాట ఆమె నోట వచ్చేసింది.

"ఆ రోజు ఎందుకు ఆగిపోయావన్నయ్యా?"

అతను ఒక మర బిగించాడు. బిగించిందాన్నే మళ్ళీ బిగించాడు.

"ఆగలేదే. అందరూ ఒక్కసారి ఆగారు చూడూ… అంతకుముందు ఎప్పుడూ అంత చప్పుడు మధ్యలోనే ఉండేవాణ్ణి. ఒక్కసారి అలా అయ్యేసరికి… బాగుంది. వింటూ ఉండిపోయాను." స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "చెబితే ఎవడు నమ్ముతాడు? నవ్వేస్తే పోలా?"

"ఆ ఖాళీతోనే ఆదివారం వెయ్యనా?"

"నీ ఇష్టం."

వాళ్ళింట్లో నీ ఇష్టం అంటే వద్దని.

వీధి మలుపుదాకా వదిన వెంట వచ్చింది. వేళ్ళకు ఇంకా రాగి పొడి అంటుకుని ఉంది. "వెయ్యకమ్మా. ఆదివారం పూట పనివాళ్ళూ, గిరాకీలూ అందరూ ఆ రేడియో చుట్టే ఉంటారు. మళ్ళీ నవ్వుతారు. వాళ్ళు నవ్వితే నవ్వనీ… ఆయన కూడా నవ్వేస్తారు. అదే నాకు భయం."

*

తప్పు అంటే ఏమిటి?

రావలసిన చోటికి రానిదా? అది వచ్చిన చోటు మాత్రం చోటు కాదా? బేస్ ఆలస్యంగా వచ్చింది, నిజమే. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి వాద్యమూ ఆ ఆలస్యాన్నే అనుసరించింది. గడియారం ఎప్పుడు కొడితే అదే వేళ.

ఆమె కత్తిరించింది తప్పును కాదు.

వినడాన్ని.

ఇది తెలిశాక నిద్ర మరీ కరువైంది. ఉన్నదున్నట్టు వేస్తే అన్నయ్య నవ్వుతాడు — ఆ నవ్వుతో ఈసారి తనను తాను కూడా అటక ఎక్కిస్తాడు. సరిచేసింది వేస్తే ఎవరూ నవ్వరు. ఎవరు వాయించిందని కూడా అడగరు. అసలు వేయకపోతే… పేర్చిన మెట్లన్నీ గాలిలోకి ఎక్కి, అక్కడ ఆగిపోతాయి.

లేచింది. నీళ్ళు తాగింది. కిటికీ తీసింది. మబ్బు ఉంది. కిటికీ వేసింది.

*

ఆదివారం.

ఒక పాట మీద ఒక పాట. కిటికీ తీసినట్టు, తలుపు తోసినట్టు. ఎక్కడో ఇస్త్రీ పెట్టెలు కదులుతుంటాయి, టాక్సీలు ఎర్రదీపం దగ్గర నిలబడి ఉంటాయి; వాటన్నిటి కిందా ఒకే దరువు, భూమికి నాడి ఉన్నట్టు. మూడో గంట దాటింది. ఒక పక్క కంప్యూటరులో సరిచేసిన పాట. ఒక పక్క పళ్ళెం మీద రికార్డు. మధ్యలో ఆమె చేతులు.

ఏది వేస్తుందో వేళ్ళకు ఇంకా తెలియదు.

ముందు పాట అంచు దగ్గరపడుతోంది…

ముల్లు రికార్డు మీద వాలింది.

గాజు అద్దం వెనక మేనేజరు తల ఊపుతున్నాడు; అతనికి ఇంకా తేడా తెలియదు. డ్రమ్ము. గిటారు. పాడేవాడి గొంతులో ఆ వయసు ధీమా. అన్నిటి కిందా, మెట్లలోంచి, సిమెంటులోంచి — అన్నయ్య.

రాబోయే పాట కోసం హెడ్‌ఫోను సర్దుకోబోయి, ఆమె దాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

నడుమ వచ్చింది.

అందరూ ఆగారు.

చెయ్యి, పాటను పైకి తెచ్చే ఫేడరు మీదికి ఉరికింది. ఏళ్ళనాటి అలవాటు — ఖాళీ కనబడితే నింపాలి. చెయ్యి దారిలో ఆగింది. నిజానికి ఆమె ఆపలేదు. ఫ్యాను కిర్రు వినబడింది. తన ఊపిరి వినబడింది. ఆ కిందెక్కడో, చాలా కాలం క్రితం, ఒక గదిలో అయిదుగురు కుర్రాళ్ళ ఊపిరి… అందులో ఒకడు వింటున్నాడు.

బాగుంది.

అప్పుడు బేస్ వచ్చింది. తొందర లేకుండా, తలుపు తట్టకుండా, తన ఇంట్లోకి తను వచ్చినట్టు.

ఒక్క దరువు ఆలస్యం.

ఆ తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు. పాట సాగింది. సన్నబడింది. ముగిసింది. ఆమె రెండు చెవులతోనూ ఒక పాటను చివరిదాకా విన్నది.

తర్వాతి పాట సిద్ధంగా లేదు.

ముల్లు ఆఖరి గాడిలో తిరుగుతోంది. టప్… టప్… ఊరు మొత్తానికీ అదే వినబడుతోంది. అద్దం వెనక మేనేజరు రెండు చేతులూ గాలిలోకి ఎత్తాడు. బల్ల మీద ఫోనులో మెసేజీ వెలిగింది. వదిన.

"పాట మధ్యలో మీ అన్నయ్య లేచి షాపులో ఫ్యాన్లన్నీ ఆపేశారు. ఎందుకని అడిగితే పలకరు. రేడియో దగ్గరే నిలబడి ఉన్నారు."

నవ్వుతున్నాడో లేదో రాయలేదు.

ఇప్పుడు మాట్లాడాలి. బేస్ ఎవరు వాయించారో చెప్పాలి — ఆ పేరును ఎవరూ ఎప్పుడూ గాలిలోకి పలకలేదు. ఆమె మైకు తెరిచింది. ఎర్రదీపం వెలిగింది. చెయ్యి చాచి స్విచ్చి నొక్కింది.

కిటికీ బయట మబ్బు అలాగే ఉంది. ఆకు ఊగడం లేదు.

వలయం విడిపోయింది. ఒకటి. ఇంకొకటి. మరొకటి…

పేరు నాలుక చివర ఉంది.

ఆమె ఆగింది.

గాలి లేని మరో గదిలో, రేడియో ముందు, ఒక మనిషి ఈ చివరి చుట్టునే వింటూ నిలబడి ఉంటాడు —

ఫ్యాను ఆగుతోంది.