కదిపితేనే కదిలేది

ఆమె పెదాలు గుండ్రంగా చుట్టి పాత ల్యాప్‌టాప్ పొట్టలోకి ఉఫ్‌మని ఊదింది. ఏ ఆఫీసులోనో ఏళ్లతరబడి పేరుకున్న దుమ్మంతా లేచి ఆమె మొహానికే కొట్టింది. తుమ్మి, మొహం తుడుచుకుని, మూత బిగించడానికి మరలు వెతుక్కుంది. ఆఫీసులు వదిలించుకున్న కంప్యూటర్లను బాగుచేసి, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి బడులకు పంపడం ఆ షెడ్డులో పని. ఆమె ఉన్నప్పుడు అక్కడెవరూ ఆమెను పట్టించుకోరు. రాని రోజున మాత్రం పని పేరుకుపోయి బల్ల మీద చోటుండదు.

"అమ్మాయ్, ఇంకా పాత వెర్షనే ఎక్కిస్తున్నావా?" షెడ్డు యజమాని వెనక నుంచి తొంగిచూశాడు. "కొత్తదాంట్లో ఆ రోగం నయమైందిగా!"

"ఈ ఒక్కటీ కానివ్వండి సార్."

"ఇదే ఆఖరు. రేపు ఆ పాత వెర్షన్ ఉన్న పెన్‌డ్రైవ్ ఇలా ఇచ్చెయ్."

ఆయన చెప్పిన రోగం వింతది. పాత వెర్షన్ ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో మొరాయించేది. మౌస్ కదుపుతూ ఉంటేనే తెర మీద పచ్చగీత ముందుకు పాకేది. చెయ్యి ఆగితే గీతా ఆగేది. అందుకని ఎవరో ఒకరు కూర్చుని ఊరికే మౌస్ తిప్పుతూ ఉండాలి. అందరూ విసుక్కునే ఆ పనిని ఆమె ఇంటికి పట్టుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టింది.

అత్తగారు బతుకంతా కుట్టుమిషన్ తొక్కిన మనిషి. పక్షవాతం వచ్చాక కుడిచెయ్యీ నోరూ తప్ప ఏవీ మాట వినలేదు. పని చెయ్యని ఒంటికి తిండి దండగంటూ మెతుకు ముట్టడం మానేసింది. కొడుకు పోయిన ఆ ఇంట్లో కోడలికి ఆ ముసలి ప్రాణం తప్ప వేరే దిక్కు లేదు. బతిమాలింది, కసిరింది, మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చింది. మౌస్ చేతికొచ్చాకే ఆవిడ మళ్లీ నోరు తెరిచి ముద్ద పుచ్చుకుంది. ఇప్పుడా చెయ్యి అక్కర్లేదని ఏ నోటితో చెప్పాలి? కోడలు దారంతా రేపటికి ఒక అబద్ధం కూర్చుకుంటూనే ఇల్లు చేరింది.

"ఇంతాలస్యమా? పనిమంతురాలిని ఖాళీగా కూర్చోబెడతావుటే?" మంచం మీద నుంచే అందుకుంది అత్తగారు.

"వచ్చీరాగానే మొదలెట్టారా? అత్త లేని కోడలుత్తమురాలని ఊరికే అన్నారా!"

"ఆ సామెతలో రెండో సగం కూడా చెప్పు మరి."

ఇద్దరూ నవ్వుకున్నారు. కోడలు ల్యాప్‌టాప్‌ను స్టూలు మీద, వంటింట్లోకి కనిపించేలా పెట్టి, గట్టి అట్టముక్క మీద మౌస్ ఉంచి, ఆ ఎండిన వేళ్లను దాని మీద సర్దింది. పచ్చగీత పాకడం మొదలుపెట్టింది.

"ఇవాళ చెయ్యి బరువుగా ఉందే."

కోడలు గబుక్కున తలెత్తి చూసింది. మానేయండి, దీంతో పనిలేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"పోనీ, కాసేపాగి తిప్పండి."

"ఆగితే అదీ ఆగుతుందన్నావుగా. నా చెయ్యి లేకపోతే ఆ పిల్లలకు చదువులెక్కడివే? పో, అన్నం సంగతి చూడు."

ఆ గొంతులోని గర్వం వింటే కోడలికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే మధ్యమధ్య తల తిప్పి తెర చూసుకుంది. గీత సగం దాటింది. చివరికి దగ్గరపడింది. ఆగింది.

"అత్తయ్యా, కునుకు తీస్తున్నారా? కదపండి!"

గీత కదల్లేదు.

"ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఆగితే అదీ ఆగుతుందని!" ఈసారి గట్టిగానే కసిరింది. ఎదురుజవాబు రాలేదు. ఎదురుజవాబు ఇవ్వకుండా ఉండే మనిషి కాదు ఆవిడ. కోడలు గరిటె అక్కడే పడేసి పరుగెత్తింది.

తల గోడవైపు ఒరిగి ఉంది. మొహంలో బాధ లేదు. చెయ్యి పట్టుకుని ఊపింది, చెంపలు తట్టింది, అత్తయ్యా అని పిలిచింది, చిన్నప్పుడు తల్లిని పిలిచినట్టు అమ్మా అని కూడా పిలిచింది. నేల మీద కూలబడి, ఆఖరి మాట కసురుగా అన్నందుకు తన నోటి మీద తానే కొట్టుకుంది. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. లేచి వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది.

తెర మీద ఇంకో రవ్వంత గీత మిగిలే ఉంది. కాస్త కదిపితే పూర్తయ్యేదే, కానీ ఆమె చెయ్యి అటు పోలేదు. అట్ట మీద నుంచి జారిన మౌస్ దుప్పటి ముడతల్లో వెల్లకిలా పడి ఉంది, అడుగున చిన్న ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.