సర్వర్‌లో మావ ముఖం

సంతోషికి అన్నింటికంటే పెద్ద భయం, పొద్దున్న లేచేసరికి ఇంట్లో ఎవరి ముఖమైనా ఉబ్బి కనిపించడం. పాము కనబడితే కర్ర వెతుక్కుంటుంది. దెయ్యమంటే నవ్వుతుంది. కళ్ల కింద నీరు చేరిన ముఖాన్ని మాత్రం ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో, కవిటి చుట్టుపక్కల ఎవరూ తేలిగ్గా తీసుకోరు. మావ సింహాచలానికి అలాగే మొదలైంది. కిడ్నీలు పాడై, మూడేళ్ల కిందట డయాలసిస్ మంచం మీదే పోయాడు. అప్పటి నుంచి కూతురు దీప్తి నిద్ర లేవగానే గుమ్మంలోకి తీసుకొచ్చి, గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూడటం ఆమెకు అలవాటైపోయింది.

“నిన్న సూసినావు కదేటే అమ్మా!” అని పిల్ల విసుక్కుంటుంది.

భర్త లోకనాథ్‌ను అలా చూసే వీలుండదు. అతను పెళ్లిళ్ల ఫోటోలు తీస్తాడు. ముహూర్తాల రోజుల్లో ఆమె లేవకముందే బైకెక్కితే, ఆమె పడుకున్నాకే తిరిగి వచ్చేది.

తీసిన పెళ్లిళ్లన్నీ ముందుగదిలో ఒక నల్లటి పెట్టెలో ఉంటాయి. లోపల పెద్ద హార్డ్‌డిస్కులున్నాయి. ఇంటి వైఫైకి కలిపి ఉండటంతో కంప్యూటర్‌లోనైనా ఫోన్‌లోనైనా తెరిచి చూడొచ్చు. లోకనాథ్ దాన్ని సర్వర్ అంటాడు. మనిషి నిద్రలో ఊపిరి తీసినట్టు ఎప్పుడూ సన్నగా చప్పుడు చేస్తుంది కనక అత్త బొడ్డమ్మ దాని పక్కన పడుకోదు.

మిగతా స్టూడియోల వాళ్లు ఆల్బమ్ ఇచ్చేశాక పాతవన్నీ తుడిచేస్తారు. లోకనాథ్ తుడవడు. ఎవరైనా పోయినప్పుడు, చివరి రోజుల ఉబ్బిన ముఖాన్ని గోడకు పెట్టుకోవడానికి ఇంట్లోవాళ్లకు మనసొప్పదు. “మా మేనకోడలి పెళ్లిలో మాయన బోజనాల కాడ నిలబడి నవ్వినాడు బాబూ, ఆ మొకం తీసియ్యి” అంటూ లోకనాథ్ దగ్గరికి వస్తారు. అతను వెతికి, పక్కవాళ్లను కోసేసి, పెద్దది చేసి ఇస్తాడు. ఉద్దానం ఇళ్లలో దండ వేసి ఉన్న ఎన్నో ఫోటోలు ఎవరో ఒకరి పెళ్లిలోవే.

ఈ వేసవిలో పెట్టె నిండిపోయి ఎర్రదీపం వెలిగింది. లోకనాథ్ డొంకూరు నుంచి ఫోన్ చేశాడు.

“జాగా నేదు. రేపు టెక్కలి పెళ్లి ఎక్కడ పొయ్యాల? నువ్వు కాస్త తుడిసీ.”

“నాను ఎనిమిదితో మానీసినదాన్ని బావా. ఏదైనా తేడా సేసేత్తే?”

“సదువేటికి, కళ్లున్నాయి కదా! డ్రోను ముక్కలు తీసీ, అన్నీ కొబ్బరిసెట్ల నెత్తిలే. డాన్సులు తీసీ. ముసిలోల మొకాలు మాత్రం ముట్టకు.”

మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక సంతోషి కంప్యూటర్ ముందు కూర్చుంది. బయట గాలి ఆడటం లేదు. కొబ్బరితోట నీడ కిటికీలోంచి గది సగం దాకా వచ్చి ఆగింది. డ్రోను ముక్కలు తీసేసింది. డాన్సులు తీసేసింది. ఒక ఫోటోలో ముసలామె ఎవరూ చూడటం లేదనుకుని లడ్డూ కొంగున కట్టుకుంటోంది. ఉంచింది.

ముసలివాళ్లెవరూ పొరపాటున పోకూడదని ‘మనుషులు’ అన్న పేజీ తెరిచింది. ఒక మనిషి ముఖం ఎన్ని పెళ్లిళ్లలో ఉన్నా, పెట్టె వాటన్నిటినీ ఏరి ఒకచోట పెడుతుంది. అనుమానమొస్తే రెండు ముఖాలు పక్కపక్కన చూపించి, ఇద్దరూ ఒకరేనా అని అడుగుతుంది.

అప్పుడూ అడిగింది. ఎడమవైపు మావ. కుడివైపు పక్కకు తిరిగి, కళ్ల కింద సంచులు వేలాడుతున్న మావ. సంతోషి ‘అవును’ నొక్కింది. మళ్లీ అడిగింది. మళ్లీ అవును. చివరి రోజుల్లో మావ ఇన్ని పెళ్లిళ్లకు వెళ్లాడా అనుకుంటూనే ఇంకోసారి నొక్కింది.

పేజీ సర్దుకుంది. కొత్తవి పైకి వచ్చాయి. మావ ముఖం కింద తేదీ ఉంది. పోయిన నెల తేదీ.

తెరిచింది. రావివలసలో ఒక పెళ్లి. పందిరి స్తంభం వెనక మావ. ఇంకొకటి తెరిచింది. పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్న గది, అద్దంలో ఒక మూల మావ. ఇంకో ఊరు, ఇంకో పెళ్లి. అందరూ కెమెరా వైపు చూస్తుంటే మావ ఒక్కడే ఎటో చూస్తున్నాడు. ఈ వేసవిలో ఒక్క పెళ్లీ వదల్లేదు.

“అత్తా…” అని పిలిచింది.

బొడ్డమ్మ వచ్చి, కళ్లు చికిలించి చూసి, స్టూలు మీద కూలబడింది.

“ఓలమ్మో, మీ మావేనే! పెళ్లిబోజనమంటే పేణం ఆయనకి. ఆకరికి ఉప్పూ నేదు, నీల్లూ నేవు. ఆకలితో తిరుగుతన్నాడే. తుడవకే సంతోసీ, నీ కాల్లు మొక్కుతాను, ఉండనీ.”

ఏడుస్తూనే వంటింట్లోకి వెళ్లి కంచంలో అన్నం పెట్టసాగింది. పెట్టె సన్నగా ఊపిరి తీస్తూనే ఉంది. సంతోషి లేచి పోదామనుకుంది గాని, లేవకుండా అద్దంలోని ముఖాన్ని పెద్దది చేసింది.

భుజం మీద నల్లటి కెమెరా పట్టీ. పట్టీకి నీలం గుడ్డ. మెడ ఒరుసుకుపోతోందంటే తన పాత జాకెట్టు చింపి తానే కుట్టిన గుడ్డ అది.

అద్దంలో ఉన్నది లోకనాథ్. స్తంభం వెనకా లోకనాథే, తోడు తెచ్చుకున్న కుర్రాడి రెండో కెమెరాకు అడ్డం వచ్చినప్పుడు పడ్డాడు.

చచ్చినవాడు తిరుగుతున్నా బాగుండేదనిపించింది ఆమెకు. యంత్రం అనుమానించి అడిగింది. కట్టుకున్న తను మాత్రం అనుమానం లేకుండా అవునంది. తప్పు సరిచేద్దామని మళ్లీ వేరు చెయ్యబోయింది. పట్టీ కనపడనివి కొన్ని ఉన్నాయి. వాటిలో ఏది మావో, ఏది బావో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం బ్యాటరీల కోసం లోకనాథ్ ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది.

“ఏటే, పిల్లనాగ నన్నూ పట్టుకున్నావు?”

“మొకం నిండా నీరే బావా. రేపే పలాస ఆసుపత్రికెల్దుం. రత్తం పరీచ్చకిద్దుం.”

“నిద్ర నేక. టెక్కలోలకి మాటిచ్చినాను. ముహూర్తాలయ్యాక సూద్దుం.”

ఆమె అతన్ని కంప్యూటర్ ముందుకు తీసుకెళ్లింది. పందిరి స్తంభం వెనక ఉన్న ముఖాన్ని తెర నిండా పెట్టింది. లోకనాథ్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“నాయినిది ఈ ఫోటో నానెపుడూ సూడ్నేదే,” అన్నాడు మెల్లగా. “ఎక్కడ దొరికినాదే నీకు?”

సంతోషి తెర మీద చొక్కాను వేలితో చూపించింది. లోకనాథ్ ఒంటి మీద ఉన్నదీ అదే చొక్కా. అతని చెయ్యి చెంప దాకా వెళ్లి, కంటి కింద ఆగింది.

వంటింట్లోంచి బొడ్డమ్మ, “బాబూ, మీ నాయినికి కంచం ఎట్టినాను, దండమెట్టి ఎల్లు,” అంది.

“అయ్యి తీసీ,” అన్నాడు లోకనాథ్ తెర వైపు చూడకుండా. “అన్నీ తీసీ. ముహూర్తాలవగానే ఎల్దుం, ఒట్టు.” బ్యాటరీలు సంచిలో వేసుకుని బైకెక్కాడు.

ఆమె తీయలేదు. చైత్రం నుంచి ఇప్పటిదాకా ఉన్నవన్నీ తేదీల వరసలో పెట్టింది, డాక్టరుకు చూపించడానికి. ఒకదాని తర్వాత ఒకటి జరుపుతుంటే, ఒక ముఖంలోంచి ఇంకో ముఖం మెల్లగా బయటికి వస్తోంది.

ముహూర్తాలు ఇంకా అయిపోలేదు. ఒకటి అవగానే ఇంకొకటి ఒప్పుకుంటున్నాడు. మీరు టెక్కలి వైపో, ఇచ్ఛాపురం వైపో పెళ్లికి వెళ్తే పెళ్లికూతుర్ని తర్వాత చూడండి. కెమెరా పట్టుకున్న మనిషి కవిటి లోకనాథేనా అని అడగండి. పలాస వెళ్లి రక్తం ఇచ్చావా అని అడగండి. నవ్వుతాడు. ఆ నవ్వుతో తప్పించుకోనివ్వకండి. కాసేపు కూర్చోబెట్టి, ఎలా ఉన్నాడో చూసి, సంతోషికి ఒక్క ఫోన్ చెయ్యండి.