నాలుగో కొక్కెం

ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్లతో మేకు పట్టుకుని, నిచ్చెన మీద నిలబడి సుత్తి ఎత్తాడు అంకెలాయన. కార్ఖానా గేటు పక్క బోర్డు మీద "ప్రమాదం లేని రోజులు" అని రాసి, దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో "సో ఫార్" అని ఉంటుంది. ఆ కింద మూడు కొక్కేలు. రోజూ పొద్దున్నే వాటికి రేకు అంకెలు మార్చి తగిలించడం ఆయన పని. ఇవాళ తొమ్మిది వందల తొంభై తొమ్మిది. రేపు వెయ్యి, పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. నాలుగో అంకెకు చోటే లేదు. బోర్డు చేయించినవాళ్లు అంత దూరం ఆలోచించలేదు.

ఈ లెక్క మొదలైంది ఆయన వేళ్లతోనే. కోత యంత్రం రెండు వేళ్లు పట్టుకుపోయిన రోజు, నాలుగు వందలు దాటిన అంకె సున్నా అయింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయన్ను ఎక్కువ కాల్చింది. గాయం మానాక, తేలిక పనని ఈ నిచ్చెన అప్పగించారు.

కూతురు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే అడిగాడు.

"సో ఫార్ అంటే ఏంటమ్మా?"

"ఇప్పటివరకు అని. ఇన్నాళ్లూ దాని కిందే నిలబడి, ఇప్పుడా నాన్నా అడగడం?"

"ఇక ముందు కూడా అనా?"

"కాదు. సో ఫార్ వాన పడలేదంటే, ఇప్పటిదాకా పడలేదనే. కాసేపట్లో పడొచ్చు. అంత దూరం అనే అర్థం కూడా ఉందిలే, అది మీ బోర్డుకి పనికిరాదు."

బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాట ముల్లులా మెదులుతూనే ఉంది.

మూడో దెబ్బకు మేకు వంగింది, నిచ్చెన జారింది. సిమెంటు గట్టు అంచు తల వెనుక తగిలింది. చూసింది క్యాంటీన్ ఆమె ఒక్కతే. టీ పాత్ర దించి పరుగున వచ్చింది.

"అన్నా, చెవిలోంచి రక్తం వస్తోంది. పద, డాక్టరు గదికి."

"పోతే రాసుకుంటారమ్మా. రాస్తే సున్నా."

"అయితే అవనీ. నీ తలకన్నా ఎక్కువా?"

"ఒకసారి నావల్లే సున్నా పడింది. మళ్లీ నేనే అయితే మొహం ఎక్కడ పెట్టుకోను?" చెవి తుడుచుకున్నాడు. "నువ్వేం చూడలేదు. నా మీద ఒట్టు."

మధ్యాహ్నం ముద్ద దిగలేదు. రేకు కత్తిరించి చేసిన "ఒకటి"కి రంగు వేస్తుంటే అది రెండుగా కనిపించింది.

"ఏంటి అంకెలాయనా, రేపు పెళ్లికొడుకువి నువ్వే. మొహం అట్లా వాడిపోయిందేం?" అన్నాడు ఫిట్టరు.

"ఇప్పటివరకైతే బాగానే ఉన్నా."

సాయంత్రం గోడ పట్టుకుని నడిచాడు. కార్డు మీద టైము పడిన చప్పుడు విన్నాకే గేటు దాటాడు. ఇక ఏమైనా కార్ఖానా లెక్కలోకి రాదు. బస్టాపు బెంచీ మీద కూర్చుని తల వెనక్కి వాల్చాడు. రెండు బస్సులు వచ్చి పోయాయి. మూడో బస్సు కండక్టరు దిగి భుజం తట్టేసరికి ఒళ్లు చల్లబడి ఉంది.

మర్నాడు వాచ్‌మన్ నాలుగు రేకులూ తగిలించాడు. అందరూ చప్పట్లు కొట్టారు, క్యాంటీన్ ఆమె తప్ప. సున్నాలు మూడూ కదలకుండా నిలిచాయి. వంగిన మేకు మీద ఆయన చేసిన ఒకటి మాత్రం గాలి వచ్చినప్పుడల్లా ఊగి, బోర్డును కొడుతూనే ఉంది.