సాయంత్రం నడక

సంచీలో రెండు గౌన్లు, తువ్వాలు, దువ్వెన, పాలగ్లాసు పెట్టాను. సాక్సుల జతలో ఒకటి పెట్టి, రెండోది నా తలగడ కింద దాచాను. జతలో ఒకటి ఇంట్లో ఉంటే, దానికోసమైనా మనిషి వెనక్కి రావాలని నా నమ్మకం. ఎవరో చెప్పింది కాదు, నాకు నేనే కట్టుకున్నది.

"ఆస్పత్రికి ఇంత మూటేంటమ్మా? దాన్ని కాపురానికి పంపుతున్నావా?" అంది మా అమ్మాయి.

"నోరు కడుక్కో. బయల్దేరేముందు అవేం మాటలు?"

పంపడం అన్న మాటే నాకు గిట్టదు.

గుమ్మం పట్టుకుని నిలబడి నవ్వుతోంది మనవరాలు. ఆరేళ్లది. ఇంట్లో అందరం దాన్ని బొంగరం అంటాం. నడిస్తే కుడికాలి మడమ నేలకు ఆనదు, పాదం లోపలికి తిరుగుతుంది. పుట్టుకలో మెదడుకు దెబ్బ తగిలి ఉంటుందనీ, మడమ వెనక నరం కోసి పొడవు చేస్తే నయమనీ డాక్టరు చెప్పాడు. మర్నాడే ఆపరేషను. దానికి ముందు చివరిసారి నడక కొలవాలట.

పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్నదాన్ని కనక, కనిపించిన అక్షరమల్లా చదవడం నాకు అలవాటు. ఆస్పత్రిలో నడక కొలిచే గది తలుపు మీద 'నడక పరిశీలన' అని ఉంది. దానికి పక్కనే బాణం గుర్తు, 'ఆపరేషన్ గదికి దారి' అని. ఆ బాణం చూడగానే పిల్లను నా ఇవతలివైపుకు లాక్కున్నాను.

లోపల బల్లలూ మంచాలూ లేవు. పొడుగాటి ఖాళీ నేల, గోడల మీద చుట్టూ కెమెరాలు. నడకలు కొలిచే అమ్మాయి పిల్ల తుంటికీ మోకాళ్లకీ మడమలకీ మెరిసే బుల్లి బంతులు అతికించింది.

"ఆ గోడదాకా వెళ్లి రా బంగారం. రోజూ ఎలా నడుస్తావో అలాగే."

పిల్ల నడిచింది. తెరమీద మాత్రం పిల్ల లేదు. చుక్కలూ, వాటిని కలిపే గీతలూ నడుస్తున్నాయి. ముఖం లేని మనవరాలు!

"దాని ఒళ్లేదీ?" అన్నాను.

"కెమెరాలకి బంతులే కనిపిస్తాయి పెద్దమ్మగారూ. ఏ కీలు ఎంత వంగుతోందో వాటితో తెలుస్తుంది."

"మా అమ్మమ్మకి దెయ్యాలంటే భయంలెండి," అంది పిల్ల.

ఆ అమ్మాయి పకపకా నవ్వి, బంతులు పీకుతూ పిల్లను మాటల్లో పెట్టింది.

"నిన్ను బొంగరం అంటున్నారేంటి? గిరగిరా తిరుగుతావా?"

"కాదు. పొద్దున బాగానే తిరుగుతా. సాయంత్రానికి ఒరిగి పడిపోతా. అందుకు."

"రోజూనా?"

"అలిసిపోతుందండీ," అంది మా అమ్మాయి. "పొద్దువాలితే ఎత్తుకోవాల్సిందే. పడుకుని లేస్తే మళ్లీ మామూలే."

"డాక్టరుగారికి చెప్పలేదా?"

"ఏముంది చెప్పడానికి? పిల్లలెవరైనా అలిసిపోతారుగా!"

ఆ అమ్మాయి చేయి ఆగిపోయింది. "ఇక్కడ తీసినవన్నీ ఉదయంపూట నడకలే. సాయంత్రం దాకా ఉండండి. ఇంకోసారి తీస్తాను."

వరండాలో బెంచీమీద కూర్చున్నాం. చక్రాల మంచమొకటి బాణం చూపించిన వైపు ఖాళీగా పోయింది. అది తిరిగొస్తుందేమోనని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. పిల్ల కాళ్లు చల్లబడ్డాయని మా అమ్మాయి సంచీ తెరిచింది.

"ఇంకో సాక్సు ఏదమ్మా?"

"ఇంట్లో ఉంది."

"చాదస్తం ముదిరిపోతోంది నీకు."

ఉన్న ఒక్కటీ కుడికాలికి తొడిగింది. పొద్దు దిగేకొద్దీ ఆ కాలు మెలి తిరగసాగింది. నీళ్లకోసం లేచిన పిల్ల నా భుజం మీద వాలిపోయింది. ఆ మెలిక నాకు కొత్త కాదు.

సాయంత్రం నడకలో పిల్ల సగం దారిలోనే కూలబడింది. ఆ అమ్మాయి పొద్దుటి చుక్కల బొమ్మనూ ఇప్పటి బొమ్మనూ తెరమీద పక్కపక్కన నడిపించింది. రెండూ ఒకే పిల్లవంటే ఎవరూ నమ్మరు. ఆమె మా వైపు తిరిగింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?"

"ఎవరికీ లేదండీ," అంది మా అమ్మాయి. తనకేం తెలుసు? నేనెప్పుడు చెప్పాను గనక? ఆ మనిషి ఊసెత్తి ఈ పిల్ల పక్కన నిలబెడితే, ఆ రాతే దీనికీ అంటుకుంటుందని నా భయం. నేలమీద కూర్చున్న పిల్ల లేవలేక నా వైపు చెయ్యి చాపింది.

"మా అక్కకి," అన్నాను. "పొద్దున తొక్కుడుబిళ్లలో అందర్నీ ఓడించేది. సాయంత్రమైతే మా నాన్న భుజం మీదే."

"నీకు అక్కా?" అంది మా అమ్మాయి.

కబురందుకుని డాక్టరు వచ్చాడు. రెండు బొమ్మల్నీ మళ్లీ మళ్లీ నడిపించి చూశాడు.

"రేపు కోయడం లేదు," అన్నాడు. "మెదడులో ఊరాల్సిన పదార్థం ఒకటి తక్కువైనా ఇలా పొద్దుపోయేకొద్దీ ముదురుతుంది. కొన్ని కుటుంబాల్లో వస్తుంది. ముందు మాత్ర వేసి చూద్దాం."

మాత్ర పడిన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం, పిల్ల ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వీధిగుమ్మం నుంచి నా మంచందాకా నడిచొచ్చింది. తలగడ కింద చెయ్యి పెట్టి సాక్సు లాగింది.

"అమ్మమ్మా, దొంగ దొరికింది! ఎందుకు దాచావ్?"

నేను నవ్వలేకపోయాను. పొద్దువాలితే ఇప్పటికీ దాని అడుగుల చప్పుడే వింటూ కూర్చుంటాను, ఎక్కడ ఆగిపోతుందోనని.

అక్కను పంపిననాడు మా అమ్మ దాని చెప్పులు రెండూ సంచీలో పెట్టింది. కాళ్లు బాగుచేయిస్తానని నాన్న అక్కను పెద్దాస్పత్రికి తీసుకెళ్లాడు. అప్పుడు నాకు ఏడేళ్లు, వానలు మొదలైన నెల. నెలాఖరుకి నాన్న సంచీ పట్టుకుని ఒక్కడే వచ్చాడు. అక్క రాలేదు.