ఐదు గళ్ళ దేశం

నేను ఒక ముసలి అట్లాసుని. ముసలి అన్నానని జాలిపడకండి, నాకు గిట్టదు. మద్రాసులో ఒక అచ్చుకూటంలో రంగు మీద రంగు పూయించుకుని పుట్టాను. పద్దెనిమిదేళ్ళు ఒక హైస్కూల్లో ఉన్నాను. అక్కడి పిల్లలు నా ఆస్ట్రేలియాకు మీసాలు పెట్టారు. ఆ మీసాలతోనే ఈ చిన్న ఊరి గ్రంథాలయానికి వచ్చాను. నాలో సోవియట్ యూనియన్ ఇంకా చెక్కుచెదరలేదు. మనుషులు దేశాల పేర్లు మార్చుకుంటూ పోతారు, తప్పు మాత్రం నా నెత్తిన రుద్దుతారు.

ఇక్కడ ఆదివారం వచ్చిందంటే గళ్ళ నుడికట్టు దగ్గర పెద్ద కొలువే తీరుతుంది. పత్రిక మీద గీతలు పడకూడదు కనుక గళ్ళను తెల్లకాగితం మీదికి ఎక్కించుకుని, నింపి, పెట్టెలో వేస్తారు. మరుసటి ఆదివారం జవాబులొచ్చాక గెలిచినవారి పేరు గుమ్మం పక్క నల్లబల్లకెక్కుతుంది. దాన్ని రాయాల్సింది అంతకుముందు వారం గెలిచినవారు. ఏడాదిగా భుజంగరావు మాస్టారు తన పేరు తానే రాసుకుంటున్నారు.

రూతమ్మ ఇక్కడ అటెండరు. పుస్తకాలు దులపడం ఆమె పని. నన్ను దులిపేటప్పుడు మాత్రం దుమ్ము పోయినా చెయ్యి తీయదు. నదుల వెంట వేలు నడిపిస్తూ నాలో ఆమె తిరగని దేశం లేదు. ఒక ఆదివారం ఆమె కూడా కాగితం మీద గళ్ళు గీసుకుంది.

ఆ వారం అందరినీ తిప్పలు పెట్టిన ఆధారం ఇది: ‘ఎటు వెళ్ళినా కనీసం రెండు దేశాలు దాటితే గాని మహాసముద్రం కనిపించని మధ్య ఆసియా దేశం.’ ఐదు గళ్ళు. చివరి మూడూ ‘కిస్థాన్’ అని తేలిపోయింది.

“కజకిస్థాన్. ఇందులో ఆలోచించేదేముంది?” అన్నారు మాస్టారు.

రూతమ్మ నన్ను తెరిచింది. “కాదండీ. కజకిస్థాన్ గడప దాటితే రష్యా, ఆ రష్యా దాటితే సముద్రమే గదండీ. ఒక్క దేశమే దాటినట్టు. ఈ ఉజ్బెకిస్థాన్ చూడండి, ఎటు అడుగేసినా ఇంకో ఎండు దేశమే.”

మాస్టారు నవ్వారు. “అందులో ఆ దేశాలే లేవమ్మాయ్, అంతా సోవియట్ యూనియనే, ఒకటే రంగు. రేపు కాటాకెళ్ళే పుస్తకం అది. నువ్వు చీపురు సంగతి చూసుకో.”

“లోపల సన్నగీతలున్నయ్యండి, పేర్లూ ఉన్నయ్. దేశం పేరు మారితే సముద్రం దగ్గరికి జరుగుద్దా మాస్టారూ?”

నాకు పట్టరాని సంతోషమేసింది. నా తరఫున ఇంతకాలానికి ఒకరు నోరు విప్పారు.

మర్నాడు పాతపుస్తకాలు కొనేవాడు వచ్చాడు. అప్పటికే నా అట్ట మీద ‘రద్దు’ ముద్ర పడింది. రూతమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. “ఆదివారం దాకా దీన్ని ఇచ్చేది లేదు సార్. నా జవాబు తప్పయితే నా చేత్తోనే కాటాలో వేస్తా,” అని లైబ్రేరియన్‌కు తెగేసి చెప్పింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఆమెకు ఉందని నాకు తెలుసు. అయినా లేవలేదు.

ఆదివారం జవాబు వచ్చింది. ఉజ్బెకిస్థాన్! అన్నీ ఒప్పయిన కాగితం పెట్టెలో ఒక్కటే దొరికింది. లైబ్రేరియన్ నన్ను రద్దు జాబితాలోంచి కొట్టేసి మళ్ళీ బీరువాలో పెట్టాడు.

మాస్టారు లేచి, తన పేరు చెరిపి, ‘రూతమ్మ’ అని రాసి, చేతులు దులుపుకున్నారు.

రూతమ్మ బల్ల ముందు నుంచి కదల్లేదు. “ఏడాదిగా మీ పేరుకు మీరే ‘గారు’ రాసుకున్నారు గదా మాస్టారూ. నా పేరుకూ రాయండి.”

మాస్టారు మళ్ళీ సుద్దముక్క తీసుకున్నారు.