మొదటి సిలిండర్ మీద బొటనవేలు

తెల్లగీత లేదు. ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌ను చేతిలో పట్టుకుని ఎటు తిప్పి చూసినా లేదు. మళ్లీ అదే చోట కూర్చోబెట్టడానికి మా వ్యాను ఇంజను మీద దానికి జోడుగా నేను గీసిన గీతా లేదు. రెండూ కొత్త గిన్నెల్లా మెరిసిపోతున్నాయి.

"కడిగావా?" అన్నాను మా ఆవిడతో.

"కడగక? జిడ్డోడుతుంటే అలాగే బిగిస్తారా?" అంది, కిరసనాయిలు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

ఇరవై ఏళ్లుగా మా షెడ్డులో ఇదే వరస. నేను విప్పుతాను, ఆవిడ కడుగుతుంది, నేను బిగిస్తాను. గుర్తులు పెట్టుకునే మెకానిక్కులంటే నాకు చులకన. ఏడాదిగా మాత్రం దొంగచాటుగా గీసుకుంటున్నాను. "డిస్ట్రిబ్యూటర్ జోలికి రాకు, అది నేనే కడుక్కుంటా" అని ఏదో వంక చెప్పేవాణ్ణి. ఇవాళ ఆ మాట చెప్పడం మరిచి, రబ్బరు రింగు వెతకడానికి లోపలికి వెళ్లాను. అంతలో మైకు జీపు వచ్చింది. పన్నెండింటికి ఆనకట్ట గేట్లు ఎత్తేస్తారట, ఏటిపక్క ఇళ్లవాళ్లందరూ వంతెన దాటేయాలట.

ఇప్పుడు పదకొండున్నర. వీధిలో పురుగు లేదు. "మీకేంటి, వ్యానుందిగా!" అంటూ అందరూ మాకంటే ముందే పోయారు. ఆ వ్యాను వెనకసీట్లో మా అత్తగారు, తొడదాకా కట్టుతో కాలు చాపుకుని కూర్చున్నారు. ఆవిణ్ణి మా ఇద్దరం గుమ్మం దాటించేసరికే ప్రాణాలు తోకకొచ్చాయి. వంతెన దాకా మోయడం అయ్యే పని కాదు.

గుర్తు పోతే దారి లేదని కాదు. మొదటి సిలిండర్ ప్లగ్గు విప్పి, ఆ కన్నం మీద బొటనవేలు పెట్టి, ఇంజన్ను పానాతో మెల్లగా తిప్పాలి. లోపలి గాలి వేలిని తన్నాలి. ఆ తన్నే చుట్టులోనే పుల్లీ మీది గీత ఇంజనుకున్న ముల్లుకు ఎదురుగా రాగానే ఆపి, డిస్ట్రిబ్యూటర్ దించాలి. తన్నని చుట్టులోనూ గీత అక్కడికే వస్తుంది. అప్పుడు దించితే ఇంజను అంటుకోదు. మా బ్యాటరీ ఒక్కసారికి మించి తిప్పేలా లేదు.

వేలు పెట్టి తిప్పాను. ఏమీ తెలియలేదు. మళ్లీ తిప్పాను. ఊహూఁ.

"అల్లుడుగారూ, నాడి చూస్తున్నారా? బతుకుతుందా?" అన్నారు అత్తగారు.

"మీరు కాస్త నోరు మూసుకుంటారా!" అని అరిచాను. ఆవిడ మీద కోపం కాదది, భయం. ఏడాదిగా నా వేళ్లకు స్పర్శ లేదు. ముల్లు గుచ్చుకుంటే రక్తం చూసి తెలుసుకుంటున్నాను. చక్కెర జబ్బు వల్లే అన్నాడు డాక్టరు. ఇంట్లో చెప్పలేదు. చేతులు పోయిన మెకానిక్కును ఎవరు పిలుస్తారు?

గుమ్మం ముందున్న కాలవలో నీళ్లు వెనక్కి ఎక్కి వస్తున్నాయి. పన్నెండు కాకముందే వదిలేశారేమో!

"నువ్వు పెట్టు వేలు," అన్నాను మా ఆవిడతో.

"నేనా? మీ వేలికేమైంది?"

"తెలియట్లేదే. ఏదీ తెలియట్లేదు."

నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. వేలు పెట్టింది. తిప్పాను.

"అమ్మో, తన్నింది!"

గీత ముల్లుకు ఎదురుగా వచ్చింది. ఆపాను. దాని అడుగున గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి దిగేటప్పుడు నెత్తినుండే రోటర్ ముక్క కొంచెం తిరుగుతుంది. అందుకని ఆ కాస్తా వెనక్కి పట్టి దించాను. కూర్చుంది. మూత, వైర్లు, ప్లగ్గు బిగించి తాళం తిప్పితే, ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. అత్తగారు చప్పట్లు కొట్టారు.

కానీ నిప్పు పడే అదను సరిచూడకుండా వదిలేస్తే వంతెన ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోవచ్చు. ప్లగ్గులో నిప్పు పడ్డప్పుడల్లా మెరిసే టైమింగు లైటును మా ఆవిడ పుల్లీ మీదికి పట్టింది. నేను ఎడమచేత్తో ఊతం పట్టి, కుడిచేత్తో డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. లైటు మిణుకులో గీత కదిలి కదిలి ముల్లుకు సూటిగా నిలబడింది. నట్టు బిగించాను.

"ఏంటీ కమురు వాసన?" అంది.

"ఏదో వైరై ఉంటుంది."

ఆవిడ కెవ్వుమని అరిచి నా ఎడమచేతిని లాగింది. ఊతం అనుకుని నేను పట్టుకున్నది పొగగొట్టం. అరచేతి తోలు దానికే అంటుకుపోయింది. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

అత్తగారు తన మంచినీళ్ల సీసా కిటికీలోంచి అందించారు.

తడిగుడ్డ చుడుతూ మా ఆవిడ మెల్లగా అడిగింది. "మరి కాళ్లు?"

"కాళ్లకేం?"

"బ్రేకు మీద పెడితే తెలుస్తోందా?"

పోయిన నెలలో బండి నడుపుతూ పాదం ఎక్కడుందో వంగి చూసుకున్న రోజు గుర్తొచ్చింది.

నీళ్లు ముందు చక్రాలను తాకాయి. షెడ్డులో బళ్లను ముందుకూ వెనక్కూ జరపడమే తప్ప ఏనాడూ గేటు దాటి నడపని మా ఆవిడ, వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది.

"ఎక్కండి. నోరు బాగానే పనిచేస్తోందిగా, గేరు ఎప్పుడు మార్చాలో చెప్పండి."

పక్కన కూర్చున్నాను. ఆవిడ పాదం వైపే చూస్తూ, "ఫస్టు," అన్నాను.