చప్పుడు చాలని ఇల్లు

పొద్దున్నే అక్క కుట్టు మిషను ముందు కూర్చుంటుంది, చెల్లెలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. ఇద్దరికీ కలిపి ఒకటే గది, ఒకటే కిటికీ. వెలుతురు అక్కకి, గాలి చెల్లెలికి అని ఎప్పుడో పంచేసుకున్నారు.

డాక్టర్లు రోగుల్ని చూసి, ఫలానా జబ్బు, ఫలానా మందు అని మాటల్లో చెప్పి పంపిస్తారు. అది విని టైపు కొట్టడం చెల్లెలి పని. మొగుడు పోయాక, ఊళ్ళో ఉన్న తమ్ముడింటికి పోకుండా అక్క పంచన చేరి ఆ పని నేర్చుకుంది. ఇప్పుడు అక్కకి చూపు మందగించింది, కుట్లు వంకర పోతున్నాయి, గుడ్డలు ఇచ్చేవాళ్ళు తగ్గారు. ఇల్లు చెల్లెలి చెవుల మీదే నడుస్తోంది.

అక్క నోటికి మాత్రం ఏ మందగింపూ లేదు. పళ్ళ మధ్య దారం కరిచిపట్టుకుని కూడా మాట్లాడుతూనే ఉంటుంది.

ఆ మేడలో చప్పుడు కుళాయి నీళ్ళలాగ వాటా ప్రకారం వస్తుంది. కింద చెక్కలు కోసే మిషను ఆడితే పై ఇళ్ళల్లో మాటలు సన్నబడతాయి. ఇంట్లో కుక్కరు కూత పెడితే అది ఆగేదాకా ఎవరేం మాట్లాడినా దండగ. కొత్తగా అద్దెకొచ్చిన వాళ్ళకి ఇంటాయన నీళ్ళ సంగతి, కరెంటు సంగతి, చప్పుడు సంగతి ఒకే వరసలో చెప్పేసి తాళంచెవి చేతిలో పెడతాడు.

ఈమధ్య ల్యాప్‌టాప్‌కి వచ్చే వాటా మరీ తగ్గిపోయింది. వాల్యూమ్ ఆ కొస దాకా తోసినా డాక్టరు గొంతు దోమ పాటలాగే ఉంటోంది. చెల్లెలు మందుల పేర్లు వినపడక ఖాళీలు వదిలి పంపుతోంది. కంపెనీవాళ్ళు చూసీ చూసీ, మళ్ళీ పరీక్ష పెడతాం, నెగ్గితే ఉంటావు, లేదంటే లేదు అన్నారు. చెవిలో ఏమీ పెట్టుకోకూడదు, ఫోను గది బయట ఉండాలి, కెమెరా ఆన్‌లోనే ఉండాలి. పని రోజుల్లో కూడా అదే పద్ధతి. ఎవరో చెవిలో చెప్పేస్తారని వాళ్ళ భయం.

పరీక్ష మధ్యాహ్నం. పొద్దున్నే చెల్లెలు మరిదిని పిలిపించింది. వాడికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది.

"రీస్టార్ట్ చేశావా వదినా?" అన్నాడు చెప్పులు విడుస్తూనే.

"వచ్చాడమ్మా మహానుభావుడు," అంది అక్క. "రేపు నేను చచ్చినా ఓసారి రీస్టార్ట్ చేసి చూడండి అంటాడు."

"నిన్ను ఆఫ్ చేసే బటనే దొరకలేదు పెద్దొదినా, ఇంక రీస్టార్ట్ ఎక్కడ!"

"నీ పెళ్ళాన్ని అడుగు, నీ బటన్ ఎక్కడుందో చెబుతుంది."

"అక్కా, వాణ్ణి పని చేసుకోనీవే," అంది చెల్లెలు.

మరిది సెట్టింగులన్నీ చూశాడు. ఎక్కడా తప్పు లేదు. "స్పీకరు బాగానే ఉంది. ఆడియో డ్రైవరు మార్చాలి," అన్నాడు. "ఇంట్లో ఉన్న చప్పుడులో స్పీకరుకి ఎంత పంపాలో చూసుకునేది అదే."

ఉన్నది తీసేసి కంపెనీ సైట్లోంచి కొత్తది దింపి ఎక్కించాడు. ల్యాప్‌టాప్ మూగదైపోయింది. అక్క, "ఏరా, అయిందా?" అంటే కిటికీ అద్దాలు గడగడలాడాయి. మెట్ల మీద పోతున్నావిడెవరో ఉలిక్కిపడి తొంగిచూసింది.

"అయ్యో, అంతా ఇటు మళ్ళిపోయింది," అని మరిది దాన్ని పీకేసి పాతది పెట్టాడు. మళ్ళీ దోమ పాట. చెల్లెలు చేతులు నలుపుకుంటూ గడియారం చూసింది.

"ఇంకొకటుంది. కంప్యూటరుతో పాటే వచ్చే సాదా డ్రైవరు. దానికి వాటాలూ గీటాలూ తెలియవు, దొరికిందంతా లాగేస్తుంది." జాబితాలోంచి దాన్ని ఎంచి నొక్కాడు. ఓసారి రీస్టార్ట్ చేశాడు.

డాక్టరు గొంతు ఖంగుమంది. ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టే ఉంది. డాక్టరు మధ్యలో గుటక వేస్తే అది కూడా వినపడింది.

చెల్లెలు ఆనందం పట్టలేక ఏదో అంది. అన్నది తనకే వినపడలేదు. మరిది ఏదో అన్నాడు, అదీ లేదు. అక్క నోరు ఆడిస్తోంది, చేతులు తిప్పుతోంది, చప్పుడు మాత్రం సున్నా. మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. చెల్లెలికీ నవ్వాగలేదు. అక్క ఇద్దరినీ చూసి, పెదాల మీద వేలేసుకుని, పో పొమ్మని చెయ్యి విసిరి, ఆరిన బట్టలు తీయడానికి వెనక వసారాలోకి పోయింది. మరిది సంచీ సర్దుకుని సైగ చేసి వెళ్ళిపోయాడు.

అప్పటికే మధ్యాహ్నమైంది, పరీక్ష మొదలైంది. చెల్లెలు ఒక్క ఖాళీ కూడా వదల్లేదు. వేళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. ఇల్లంతా ఎంత నిమ్మళంగా ఉందంటే, ఈ ఇంట్లోకి వచ్చాక ఇంత హాయి ఎప్పుడూ లేదనిపించింది. నెగ్గావు, సోమవారం నుంచి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిండు పని అని తెర మీద పడింది.

ల్యాప్‌టాప్ మూసింది.

"చెల్లీ..." అని వినపడింది. బొంగురుపోయి, అరిచి అరిచి అరిగిపోయిన గొంతు.

అక్క వసారాలో బండల మీద పడి ఉంది. స్టూలు తిరగబడి ఉంది. దుప్పటి సగం తీగ మీద, సగం ఆమె మీద. పడ్డ చప్పుడు రాలేదు, కేక రాలేదు.

"ఎంతసేపయిందే?"

"నువ్వు నవ్వినప్పటి నుంచి," అంది అక్క.

తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టి, నెలల తరబడి లేవకూడదని ఇంటికి పంపారు. మరిది వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. డ్రైవర్లు తీశాడు, పెట్టాడు. వాడి ముఖంలో నవ్వు లేదు.

"ఇద్దరికీ సరిపడా రాదు వదినా. దీనికి ఇస్తే ఆమెకి లేదు, ఆమెకి ఇస్తే దీనికి లేదు."

"మరేం చెయ్యను?"

మరిది సంచీ భుజాన వేసుకున్నాడు.

సోమవారం నాటికి చెల్లెలు అక్క మంచాన్ని ల్యాప్‌టాప్ పక్కకి లాక్కుంది. సాదా డ్రైవరే పెట్టుకుంది. చెవులు డాక్టరుకి, కళ్ళు సగం తెరకి, సగం అక్క పెదాలకి. నీళ్ళంటే తెలిసేది. కాస్త పక్కకి తిప్పమంటే తెలిసేది. అంతకన్నా పెద్ద మాటలు అందేవి కావు. సాయంత్రం మూత మూశాక మాట్లాడదాంలే అనుకునేది. సాయంత్రానికి అక్క మందు మింగి నిద్రపోయేది.

ఒకరోజు పని మంచి ఊపులో ఉండగా అక్క ఏదో అంది. చెల్లెలు నీళ్ళ గ్లాసు చూపించింది. కాదంది. దుప్పటి చూపించింది. కాదంది. మళ్ళీ అదే మాట, నెమ్మదిగా, పొడుగ్గా, కళ్ళలోకి చూస్తూ అంది. డాక్టరు మందుల పేర్లు గబగబా చదివేస్తున్నాడు, ఒక్కటి తప్పితే మళ్ళీ ఖాళీలే. చెల్లెలు అర్థమైనట్టు తలూపేసింది. అక్క కాసేపు ఆమె ముఖం చూసి, దిండు కింద నుంచి తన ఫోను తీసుకుంది.

ఆ సాయంత్రం అక్క నిద్రపోలేదు.

చెల్లెలు మూత మూసి, "పొద్దున ఏదో అన్నావు, ఏంటక్కా?" అంది.

"తమ్ముడు రేపు వ్యాన్ తెస్తున్నాడు. మెసేజి పెట్టా."

"వ్యానెందుకు?"

"నన్ను తీసుకుపోవడానికి. వాడింటికి పోతాను, అక్కడైతే పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతారు, నన్ను పంపించేస్తావా అని అడిగా. తలూపావుగా."

"నాకు వినపడలేదే అక్కా! ఒట్టు, ఒక్క ముక్క వినపడలేదు."

"వినపడకపోతే తలెందుకూపావే?"

చెల్లెలు నోరు తెరిచింది. ల్యాప్‌టాప్ మూసే ఉంది. అయినా మాట రాలేదు.